రెండు గంటల తేడా

"బ్యాటరీ అయిపోయినట్టుంది మేడమ్. పాత కంప్యూటరు కదా, టైము వెనకబడింది. మా కానిస్టేబుల్ సరిచేసేశాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, నాకేదో ఉపకారం చేసిపెట్టినట్టు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. గోడ గడియారం పదీ ఐదు చూపిస్తోంది. తెర మూలన కంప్యూటరు కూడా బుద్ధిగా పదీ ఐదే చూపిస్తోంది.

"ఎంత వెనకబడింది?"

"కాస్త."

"కాస్తంటే? పది నిమిషాలా, పదేళ్ళా?"

"వాడు రాసుకోలేదు మేడమ్. చూశాడు, సరిచేశాడు. పనిమంతుడు. బల్ల కూడా శుభ్రంగా తుడిచాడు."

"నీ ట్రైనింగ్ మొదటిరోజు నేనేం చెప్పాను?"

"దేన్నీ ముట్టుకోవద్దని."

"గుర్తుందన్నమాట. సంతోషం."

ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నేను ఉద్యోగానికి దణ్ణం పెట్టి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక, ఎక్కడ ఎదురుపడినా మా ఇద్దరికీ చుక్కెదురే. తెలివి లేనివాడేం కాదు. కేసు విప్పడం మీద కన్నా మూసెయ్యడం మీద మోజు ఎక్కువ, అంతే. ఈ కేసుని మూడోరోజే మూసేశాడు. నాలుగోరోజు, అంటే ఇవాళ శుక్రవారం, నేను తెరవడానికి వచ్చాను.

మేమున్నది తప్పిపోయినవాళ్ళ నమోదు కార్యాలయంలో, వెనకవైపు ల్యాబ్ గదిలో. ఈ ఆఫీసు పని చెప్పడానికి తేలిక. హాల్లో ఎడమవైపు బీరువాల్లో, మావాళ్ళు కనపడట్లేదని ఇళ్ళవాళ్ళు ఇచ్చిన ఫారాలు. కుడివైపు బీరువాల్లో, ఎవరో తెలియనివాళ్ళు దొరికారని ఆసుపత్రులూ సంరక్షణాలయాలూ పంపిన ఫారాలు. ఈ రెంటినీ కలపాల్సింది కంప్యూటరు. ఇరవై ఏళ్ళుగా వాడుతున్న పాత సాఫ్ట్‌వేర్ పేరుని బట్టి మాత్రమే కలుపుతుంది. తన పేరు తను చెప్పుకోలేని మనిషికి అందులో జత దొరకదు.

అందుకే పైఅధికారులు కొత్త డేటాబేస్ ఒకటి పరీక్షించమన్నారు. దానికి యజమాని లేడు. రాసినవాళ్ళు హక్కులన్నీ వదిలేసుకుని లోకం మీదికి వదిలారు, ఎవరైనా వాడుకోవచ్చు. అది పనికొస్తుందో లేదో ముప్పై రోజుల్లో తేల్చడానికి బయటినుంచి ఒకావిడని పెట్టారు. ఆఫీసంతా ఆవిణ్ణి టెస్టింగ్ మేడమ్ అంటారు. ఇరవై నాలుగో రోజు, మొన్న సోమవారం, సాయంత్రం ఐదూ పదికి గేటు రిజిస్టర్లో సంతకం పెట్టి బయటికెళ్ళింది. ఇంటికి చేరలేదు. ఆరింటినుంచి ఫోను మూగబోయింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ భర్త తొమ్మిది నెలల తర్వాత ఇంటికొచ్చాడు. సరుకు ఓడలో ఇంజనీరు. తలుపుకి తాళం. ఆ తాళం ముందు పెట్టె మీద కూర్చుని మధ్యాహ్నం దాకా ఎదురుచూశాడట. నన్ను పెట్టుకున్నది ఆయనే.

"మీకెందుకు మేడమ్ ఈ శ్రమ?" ఇన్‌స్పెక్టర్ లాగ్ కాగితం నా ముందు పెట్టాడు. "ఈ యంత్రంలో చేసిన ప్రతి పనికీ పక్కన టైము నమోదవుతుంది. ఆవిడే అలా పెట్టుకుంది. చూడండి. సోమవారం, మూడూ నలభై. జతల పట్టిక తీసివేత. నలభై ఒక్క వరసలు. ఆ టైముకి ఆఫీసు మొత్తం పైఅంతస్తులో మీటింగులో ఉంది, మూడు నుంచి ఐదు దాకా. ఈ గదిలో ఈవిడొక్కతే. తన పని తనే చెరిపేసింది, బ్యాగు తగిలించుకుంది, వెళ్ళిపోయింది. మొగుడు వచ్చే ముందురోజు! ఇంకా విడమరిచి చెప్పాలా?"

"అక్కర్లేదు. నువ్వు విడమరిస్తే వినడానికి బాగోదు."

ఇదే ఆ ఇంజనీరు మొహం మీద చెప్పాడు వీడు. మీ ఆవిడ తప్పిపోలేదు సార్, వెళ్ళిపోయింది, అని. ఇష్టపడి వెళ్ళినవాళ్ళని పోలీసులు వెతకరు. ఆ ఒక్క మాటతో వెతుకులాట ఆగిపోయింది. దాన్ని మళ్ళీ కదిలించాలంటే ఆ మూడూ నలభై అబద్ధమని నేను చూపించాలి.

బల్ల సొరుగులో టెస్టింగ్ మేడమ్ రాసుకున్న నల్ల అట్ట నోటుబుక్కు ఉంది. పరీక్ష వివరాలు. అక్షరాలు గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉన్నాయి. ఒక్కో గుణానికీ పదికి ఇన్ని మార్కులని వేసుకుంటూ వచ్చింది. ఎక్కించడం తేలిక, తొమ్మిది. వేగం, ఎనిమిది. ఒకేసారి పదిమంది రాయబోతే, ఐదు; క్యూలో నిలబెడుతుంది అని పక్కన రాసింది. యజమాని అన్న చోట మార్కులు వెయ్యలేదు. "ఎవరూ లేరు. మాది అనుకోకుండా ఇచ్చేశారు, మంచివాళ్ళు" అని రాసుకుంది. నాకప్పుడే ఆ మనిషి మీద ఇష్టం పుట్టింది.

తర్వాతి పన్నెండు పేజీలూ ఒకే పరీక్ష. కరెంటు పోతే ఏమవుతుంది?

దానికావిడ పద్ధతి మొరటుది. డేటాబేస్ రాస్తూ రాస్తూ ఉండగా ఠక్కున ప్లగ్ పీకెయ్యడమే. మళ్ళీ పెట్టి, సగంలో ఆగినది సగంగానే మిగిలిందా, లేక శుభ్రంగా వెనక్కి తీసుకుందా అని చూడటం. మొత్తం నూట ఇరవైసార్లు పీకింది. ప్రతిసారీ గోడ గడియారం చూసి పీకిన టైము చేత్తో రాసింది. పక్క గడిలో ఆఖరి వరస చేరిందా, చెదిరిందా అన్నది.

"ఈ బుక్కు చదివావా?"

"ప్లగ్గులు పీకిన లెక్క నాకెందుకు మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నేను బుక్కు చంకన పెట్టుకుని సూపరింటెండెంట్ గదికి వెళ్ళాను. ఆయన బల్లమీద ఫైళ్ళు ఇటుకలు పేర్చినట్టున్నాయి. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"సోమవారం మూడు నుంచి ఐదు?"

"మీటింగు. ముప్పైమంది సాక్షులు."

"సాక్షులెందుకండీ, మిమ్మల్నెవరన్నారు? ఐదు తర్వాత?"

"ఈ గదిలోనే. ఫైళ్ళు చూసుకుని ఆరూ ఐదుకి వెళ్ళాను. గేట్లో సంతకం ఉంది."

"ల్యాబ్ తాళాలెన్ని?"

"రెండు. ఒకటి ఆవిడ దగ్గర, ఒకటి నా దగ్గర."

"వెళ్ళేముందు ఆవిడ మిమ్మల్ని కలిసిందా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. "లేదే. ఎందుకు కలుస్తుంది?"

"ఆవిడ పరీక్షిస్తున్న సాఫ్ట్‌వేర్ మీకు నచ్చలేదట."

"ఎలా నచ్చుతుందండీ? ఎవరిదీ కానిది! రేపేదైనా తేడా వస్తే ఎవరి కాలరు పట్టుకోవాలి?"

"ఇన్నాళ్ళూ కాలరున్నవాళ్ళదే వాడారుగా. ఒక్కసారైనా పట్టుకున్నారా?"

"మీరు డిటెక్టివా, సేల్స్ మనిషా?"

"ఎడమవైపు బీరువాలో నాదీ ఒక ఫారం ఉందండీ. ముప్పై ఒక్కేళ్ళ నాటిది. అందుకని అడిగా."

నేను లేచాను.

బయట, ఆయన తలుపుకి ఎదురుగానే టైపిస్టు బల్ల. అరవై దగ్గరపడుతున్న మనిషి, ఆఫీసులో అందరికీ పిన్ని. వచ్చిన ప్రతి ఫారాన్నీ కంప్యూటరులోకి ఎక్కించేది ఆవిడే. ఏటా మా తమ్ముడి ఫారం గురించి అడగడానికి వచ్చినప్పుడల్లా, లేదని చెప్పే పని కూడా ఆవిడదే. చెప్పేముందు ప్రతిసారీ నిజంగా వెతుకుతుంది. అందుకే నాకావిడంటే గౌరవం.

"పిన్నీ, సోమవారం టెస్టింగ్ మేడమ్ ఈ గదిలోకి వెళ్ళిందా?"

"వెళ్ళింది తల్లీ. మీటింగు అవ్వగానే ఐదింటికి. ఐదు నిమిషాలుండి నవ్వుకుంటూ బయటికొచ్చింది. రేపు మా ఆయన వస్తున్నాడు పిన్నీ అంది. నేనూ ఎకసెక్కాలాడాను, ఇంకేం, నెల సెలవా అని. ఇన్‌స్పెక్టర్ బాబు నన్నేమీ అడగలేదు మరి."

కలవలేదన్నవాడి అబద్ధం మొదటి ప్రశ్నకే తేలింది. కానీ అబద్ధం చాలదు, నాకు ఆ మూడూ నలభై కావాలి.

ల్యాబ్‌కి తిరిగి వచ్చేసరికి ఇంజనీరు వచ్చి ఉన్నాడు. భార్య కుర్చీలో కూర్చోలేదు. దాని వెనక నిలబడి, కుర్చీ వీపు మీద వేలాడుతున్న ఆవిడ స్వెటర్ చేతులు మడతపెడుతూ, విప్పుతూ ఉన్నాడు. ఎండకి కమిలిన పెద్ద చేతులు. ఆ చేతుల్లో స్వెటర్ చిన్నపిల్లలదిలా కనిపించింది.

"తను వెళ్ళిపోలేదు మేడమ్," అన్నాడు నన్ను చూడగానే. మూడు రోజులుగా కనిపించిన ప్రతివాళ్ళకీ ఇదే చెబుతున్నాడు. "సోమవారం మధ్యాహ్నం మెసేజ్ పెట్టింది. చూడండి. రేపు నువ్వొస్తున్నావు, నలభై ఒక్కమంది కూడా ఇళ్ళకొస్తారు, ఎలాగో రేపు చెప్తా. వెళ్ళిపోయేవాళ్ళు ఇలా రాస్తారా?"

"రాయరు. టైమెంతయింది?" అన్నాను, బుక్కులో పేజీ తిప్పుతూ, ఏదో మాటకి.

ఆయన మణికట్టు చూసుకున్నాడు. "ఎనిమిదీ యాభై."

గోడ మీద పదీ యాభై.

"అయ్యో, సారీ మేడమ్. ఇంకా ఓడ టైమే ఉంది దీంట్లో. పడమరకి పోయేకొద్దీ ఓడలో గడియారాలు గంట గంట వెనక్కి తిప్పుతాం. దిగాక విమానంలో వచ్చేశాను, మార్చలేదు. తను కనపడ్డాక మార్చుకుందామని..." మిగతాది మింగేశాడు.

నేను ఒకసారి గోడ వైపు, ఒకసారి ఆయన మణికట్టు వైపు చూశాను. తర్వాత ఆయన్ని బలవంతంగా ఆ కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఇంజనీరు గారూ, ఇందులో ప్లగ్ పీకినప్పుడల్లా ఆగిపోయిన ఆఖరి వరస లాగ్‌లో ఉంటుందిగా? వాటి టైములు చదవండి. నేను బుక్కులోవి చదువుతా."

మొదటివారం. నేను పదకొండూ ఐదు అంటే ఆయన పదకొండూ ఐదు అన్నాడు. నేను రెండూ ఇరవై, ఆయనా రెండూ ఇరవై. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి ఆవలించాడు.

పదోరోజు. నేను పన్నెండూ పది అన్నాను.

"పదకొండూ పది," అన్నాడు ఆయన. ఆగాడు. "గంట వెనక."

"చదవండి."

ఒక గంట, ఒక గంట, ఒక గంట. పంతొమ్మిదోరోజు నేను నాలుగూ ఐదన్నాను. తలెత్తి చూస్తే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

"రెండూ ఐదు," అన్నాడు చివరికి. "ఆ రోజు మేం రెండో గంట వెనక్కి తిప్పాం అక్కా. తనకి రాశాను. తిప్పిన ప్రతిసారీ రాస్తా. బ్యాటరీ అయిపోవడం కాదు ఇది. తను కూడా నాతోపాటు తిప్పింది."

మేడమ్ పోయి అక్క వచ్చింది, ఆయనకి తెలియలేదు కూడా. ఈ గదిలో ఆ యంత్రానికి ఇంటర్నెట్ లేదు, అసలు మనుషుల వివరాలున్నాయని విడిగా ఉంచారు. అందుకే దాని టైము దాని ఇష్టం, కాదు, ఆవిడ ఇష్టం. పొద్దస్తమానం ఆ తెర ముందు కూర్చుని పనిచేసే మనిషి, మూలకి చూసినప్పుడల్లా మొగుడికి ఇప్పుడెంతయిందో చూసుకునేది. గోడ గడియారం జీతానికి, ఆ మూల గడియారం తనకి. ఎదురుచూడటం నాకూ తెలుసు, కానీ ఇంత ముచ్చటగా చెయ్యొచ్చని తెలియదు.

"ఇన్‌స్పెక్టర్, లోపలికి రా," అన్నాను. "సోమవారం ఈ యంత్రంలో మూడూ నలభై. దానికి రెండు గంటలు కలుపు."

"ఐదూ నలభై."

"ఆవిడ గేటు దాటింది?"

"ఐదూ పది." అతని గొంతులో జోరు తగ్గింది. "అంటే చెరిపినప్పుడు ఆవిడ..."

"ఇక్కడ లేదు. పప్పులో కాలేశావు నాయనా. నీ పనిమంతుడు ఆ గడియారం సరిచెయ్యకపోతే నువ్వే మొదటిరోజు పట్టేవాడివి. ఐదూ నలభైకి ఈ గది తాళం, ఈ ఆఫీసులో ఉండటం, రెండూ ఉన్న మనిషి ఎవరు?"

అతను సూపరింటెండెంట్ గది వైపు చూశాడు. మొహం ఎర్రబడింది. కానీ జేబులోంచి పెన్ను తీసి, ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి ఏదో రాసుకున్నాడు.

"సరే మేడమ్, ఆయనే చెరిపాడనుకుందాం. ఏం చెరిపాడో పోయిందిగా. లేనిదాన్ని పట్టుకుని ఏం అడుగుతాం?"

నేను బుక్కు చివర తీశాను. "తీసివేస్తే" అన్న గుణం. ఆవిడ మాటల్లోనే చదివాను. "తీసేసిన వరసలు ఫైల్లోంచి చెరగవు. ఆ చోటు ఖాళీ అని గుర్తు పడుతుంది, అంతే. కొత్తవి వచ్చి కూర్చునేదాకా పాతవి అక్కడే ఉంటాయి. వివరాలు గుట్టుగా ఉంచాల్సిన ఆఫీసుకి ఇది లోపం. పదికి నాలుగు."

"నాలుగు మార్కులిచ్చిందా!" అన్నాడు ఇంజనీరు. ఏడుపులోంచి నవ్వొచ్చింది ఆయనకి. "తను ఎప్పుడూ ఇంతే. నా వంటకీ నాలుగే ఇస్తుంది."

ముందు ఆ ఫైలుకి నకలు తీయించి ఇన్‌స్పెక్టర్ చేత సంతకం పెట్టించాను. తర్వాత నకలుని డేటాబేస్‌తో కాకుండా మామూలు అక్షరాలు చదివే ప్రోగ్రాంతో తెరవమన్నాను. తెర నిండా పిచ్చి గుర్తులు. ఇంజనీరు ఓపిగ్గా కిందికి జరుపుతూ పోయాడు. ఇరవై నిమిషాలకి ఆ గడ్డిలోంచి మాటలు కనపడ్డాయి. వెతుకుతున్నవాళ్ళ ఫారం నంబరు, దొరికినవాళ్ళ ఫారం నంబరు, కలిసిన గుర్తులు. ఎడమ చిటికెన వేలు లేదు, ఎత్తు ఐదడుగుల రెండు. మెడమీద కాలిన మచ్చ, మాట రాదు. పేరుతో పని లేకుండా, ఒంటిమీది గుర్తుల్ని బట్టి ఆవిడ జతలు కట్టింది. పాతది ఇరవై ఏళ్ళలో చెయ్యనిది ఇరవై నాలుగు రోజుల్లో చేసింది.

నలభై ఒకటీ చదివాను. కుడి చెవి వెనక పుట్టుమచ్చ ఎక్కడా లేదు. మా తమ్ముడు సైకిల్ ట్యూబుకి పంక్చర్ వేయించుకొస్తానని వెళ్ళాడు. చదువుతున్నంతసేపూ నేను డిటెక్టివ్‌ని కాదు, వాడి అక్కని. అది ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆఖరి వరస అయిపోయాక మళ్ళీ మొదటికి వెళ్ళాను, ఈసారి డిటెక్టివ్‌లా చదవడానికి. అప్పుడు కనిపించింది.

దొరికాక ఉంచిన చోటు. నలభై ఒక్క వరసల్లోనూ ఒకటే సంరక్షణాలయం పేరు.

పిన్నిని పిలిచి తెర చూపించాను. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుంది.

"ఇదా? ఊరి చివర బట్టలుతికే ఫ్యాక్టరీ ఉంది చూడు, దాని ఆవరణలోదే. సూపరింటెండెంట్ గారి బావమరిది నడిపేది. నలభై నిమిషాలు పడుతుంది. అక్కడున్నవాళ్ళ చేత ఉతికిస్తారని అంటారు. నేను చూడలేదమ్మా, అనకూడదు."

"ఇళ్ళవాళ్ళొచ్చి తీసుకుపోతే ఉతికేవాళ్ళుండరు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. అదీ తెలివంటే. ఇంత ఆలస్యంగా రావడమే బాధ.

మిగతాది నా కళ్ళకి కట్టింది. ఆ పిచ్చి మనిషి ఐదింటికి సంతోషం పట్టలేక నేరుగా వెళ్ళి సూపరింటెండెంట్‌కే చెప్పింది. రిపోర్టు రాసేముందు ఒక్కరినైనా కళ్ళారా చూసొస్తానని ఉంటుంది. ప్లగ్ పీకి చూస్తేగానీ నమ్మని మనిషి కదా. వెళ్ళిరండి, నేను అక్కడికి ఫోన్ చేసి చెప్తానని ఆయన అని ఉంటాడు. చెప్పే ఉంటాడు.

"అయితే తను అక్కడుందా?" ఇంజనీరు లేచి నిలబడ్డాడు. "పదండి!"

"ఆగండి సార్. ఉందని ఏమిటి ఆధారం?" ఇన్‌స్పెక్టర్ అడ్డం వచ్చాడు. "అది సర్కారు అనుమతి ఉన్న చోటు. ఉత్తి అనుమానంతో గేటు తోస్తే వాళ్ళు వెనకవైపునుంచి పంపించేస్తారు. ఆవిడ లోపలుందని ఒక్క కాగితం చూపించండి, నేనే తలుపు బద్దలు కొడతా."

తిట్టబోయి ఆగాను. ఈసారి వాడన్నది నిజం.

"పిన్నీ, ఆ చోట ఫారం లేకుండా మనిషిని ఉంచుకోగలరా?"

"ఎలా కుదురుతుంది? రోజూ సాయంత్రం తనిఖీవాళ్ళొచ్చి తలకాయలు లెక్కపెడతారు. ఫారాలకీ తలకాయలకీ ఒక్కటి తేడా వచ్చినా తాళం వేసేస్తారు. అక్కడి నర్సమ్మ ఆ రాత్రికే ఫారం రాసి పంపుతుంది. పొద్దున్నే నేను కొడతా. ఉన్నది ఉన్నట్టు కొడతా, అక్షరం వదలను."

"మంగళవారంవి ఏవీ?"

"పాతదాంట్లో ఎక్కించేశా. ఈ కొత్తదాంట్లోకి వెయ్యడానికి రోజూ పెన్‌డ్రైవులో ఇస్తాగా టెస్టింగ్ మేడమ్‌కి. మంగళవారం నుంచీ తీసుకునేవాళ్ళు లేక నా సొరుగులోనే పడున్నాయి." చెబుతూ చెబుతూ పిన్ని నోరు తెరిచింది. "అమ్మా... నా చేతుల్తో నేనే కొట్టానా?"

పెన్‌డ్రైవు తెచ్చాం. ఇంజనీరు ఎక్కించాడు. నాలుగు రోజుల్లో కొత్తగా దొరికినవాళ్ళు నూట పద్దెనిమిదిమంది.

"ఇప్పుడు మీ ఆవిడ ఫారం కావాలి, జత కట్టడానికి," అంది పిన్ని, కొత్త కాగితం ముందు పెట్టుకుని. పని చేతికొచ్చేసరికి కాస్త నిబ్బరం వచ్చింది ఆవిడకి. "ఎత్తు?"

"నా భుజం దాకా."

"అలా రాయకూడదు బాబూ. సరే, ఐదడుగులు. కట్టుకున్న బట్టలు?"

ఇంజనీరు స్వెటర్ వైపు చూశాడు.

"ఏ రంగు బట్టలో చెప్పు నాయనా. అదే మొదట చూస్తారు."

"నేను చూడలేదు పిన్నీ. తొమ్మిది నెలలైంది తనని చూసి. ఇప్పుడు జుట్టు ఎంత ఉందో కూడా నాకు తెలియదు. ఏం తింటోందో, చిక్కిందో, ఒళ్ళు చేసిందో... నాకేమీ తెలియదు. కాస్త ఆగితే కళ్ళారా చూస్తాగా అని ఫోన్లో ఏదీ సరిగ్గా అడగలేదు." ఆయన ఆ పెద్ద చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ కిటికీ వైపు తిరిగాడు.

"తెలిసింది ఒక్కటి చెప్పండి," అన్నాను. "చాలు."

ఆయన తలెత్తాడు. "నేను ఓడెక్కేముందు నా పాత గడియారం తీసుకుంది. మగవాళ్ళది, తన చేతికి వదులు. ఇంకో చిల్లు పొడిపించుకుంది పట్టీకి."

పాత సాఫ్ట్‌వేర్‌కి గడియారం అంటే ఏమిటో తెలియదు. దానికి పేరు కావాలి. కొత్తదానికి ఆ ఒక్క మాటే ఇచ్చాం, గుర్తుల గడిలో ఎక్కడున్నా వెతకమని. ఇంజనీరు మీట నొక్కాడు. కన్ను మూసి తెరిచేలోపల జవాబొచ్చింది. ఒక వరస.

సుమారు ముప్పై ఐదేళ్ళ స్త్రీ. మంగళవారం ఫారం. పేరు చెప్పలేని స్థితి, మత్తుగా ఉంది. ఉంచిన చోటు అదే.

"నీక్కావలసిన కాగితం," అన్నాను.

ఇన్‌స్పెక్టర్ తెర మీదికి వంగి ఇంకో గడి చదివాడు. అతని రంగు మారిపోయింది. "బదిలీ, శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట. ఎక్కడికో రాయలేదు. మేడమ్, శుక్రవారం ఇవాళే."

గోడ మీద పన్నెండూ పన్నెండు. ఈసారి గోడదే సరైన టైము. నలభై నిమిషాల దారి.

హాల్లోంచి పిన్ని అరిచింది. సూపరింటెండెంట్ గది తాళం వేసి ఉంది. నన్ను సాగనంపిన పది నిమిషాలకే ఆయన గేటు దాటాడు. రిజిస్టర్లో సంతకం కూడా పెట్టలేదు.

"జీపు తియ్యండ్రా!" ఇన్‌స్పెక్టర్ కారిడార్లో పరిగెత్తాడు. పరిగెడుతూనే ఫోన్లో ఆ సంరక్షణాలయం దారులన్నీ మూయించమని కేకలేస్తున్నాడు. పదేళ్ళ కిందట నేను తయారుచేసిన పిల్లాడు మళ్ళీ కనిపించాడు, తిట్లన్నీ తర్వాత తిట్టుకోవచ్చు.

"ఇంజనీరు గారూ, పదండి!"

ఆయన కదల్లేదు. చూపుడువేలు తెర మీద, ఆ వరసలో ఆఖరి గడి మీద ఉంది. ఆ నర్సమ్మ ఎవరో చూసింది చూసినట్టు రాసింది, పిన్ని అక్షరం వదలకుండా కొట్టింది. ఆయన పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. నేను భుజం మీదినుంచి చూశాను.

"ఎడమ చేతికి మగవాళ్ళ గడియారం. నడుస్తోంది, కానీ రెండు గంటలు వెనక. సరిచేయబోతే ఏడ్చింది. అలాగే వదిలేశాం."